ఒక కొలువు, నాలుగు కళలు: హైదరాబాద్‌లో బహుముఖ జీవితం లెక్క ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ తప్పుతుంది

క్లుప్తంగా

ఒకే వృత్తికి కట్టుబడకుండా సంగీతం, చిత్రకళ, రచన, నాటకం అంటూ రెండు మూడు కళలను వెంటబెట్టుకుని నడవడం లాభమా, నష్టమా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. కళలు ఎన్ని అన్నదాని కంటే మూడు విషయాలు ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తాయి: ఇంటి ఖర్చును మోసే ఆధారం, ఒక కళకూ మరో కళకూ ఉన్న చుట్టరికం, మధ్యలో వదిలిన పనిని మళ్లీ అందుకునే పద్ధతి. వెనకటి తరం ప్రతిభావంతుల జీవితాలు, అభ్యాసంపై జరిగిన పరిశోధనలు, అవధాన ప్రక్రియ, ఉద్యోగ ఒప్పందాల షరతుల ఆధారంగా ఈ పరిశీలన.

అటక మీది సాక్ష్యం

కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఒక మధ్యతరగతి ఫ్లాటులో అటక తలుపు తీస్తే చిన్నపాటి చరిత్ర బయటపడుతుంది. జిప్పు ఊడిన సంచిలో రెండు తీగలు తెగిన గిటారు. పక్కన అట్టపెట్టెలో ఆయిల్ పెయింట్ ట్యూబులు. తెల్లరంగు ఎప్పుడో అయిపోయింది, మిగతావాటి మూతలు తిప్పినా రావు. వాటి వెనుక ఫంగస్ పట్టిన కెమెరా లెన్సు. ఆ ఇంటి మనిషి గురించి చుట్టాలు అనే మాట ఒకటే: నిలకడ లేదు.

అదే మనిషి ఒక చిత్రప్రదర్శన పెట్టి, ఒక పుస్తకం అచ్చువేయించి, పదిమంది నోట పడితే మాట మారిపోతుంది. అప్పుడు బహుముఖ ప్రజ్ఞాశాలి. ఈ రెండో మాట ఎక్కువగా సన్మానపత్రాల్లో, సంస్మరణ సభల్లో వినిపిస్తుంది. పాతికేళ్ల వయసువారిని ఎవరూ అలా పిలవరు. స్వభావం ఒకటే అయినా, పనులు పూర్తయ్యాయా లేదా అన్నదాన్ని చూసి లోకం పేరు పెడుతుంది. సలహా అడిగిన యువతకు గందరగోళం మొదలయ్యేదీ ఇక్కడే. ఒకరు ఒకే పని పట్టుకోమంటారు, మరొకరు నచ్చినవన్నీ చేయమంటారు. ఇద్దరూ ఉదాహరణలు చూపిస్తారు, ఇద్దరి ఉదాహరణలూ నిజమే.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉద్యోగాల కోతలు, కరోనా తర్వాత మిగిలిన ఇంటి నుంచి పని, బొమ్మలు గీసి పాటలు కట్టే కృత్రిమ మేధ సాధనాలు ఈ పాత తగువును మళ్లీ ముందుకు తెచ్చాయి. ఒకే కొలువును నమ్ముకోవడం క్షేమమన్న ధీమా సడలింది. దాని స్థానంలో ఏం రావాలన్నది తేలలేదు.

పదహారేళ్లకే గ్రూపు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే ప్రతి ఇంటా అడిగే ప్రశ్న: ఏ గ్రూపు? ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ. మీసం సరిగా మొలవని వయసులో తీసుకున్న ఆ నిర్ణయం తర్వాతి పదేళ్ల దారిని చాలావరకు గీసేస్తుంది. తొమ్మిదో తరగతి దాకా డ్రాయింగు పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న అమ్మాయికి ఇంటర్ రెండేళ్లలో పెన్సిల్ పట్టే గంట దొరకదు. కార్పొరేట్ కళాశాల వేళలు, స్టడీ అవర్లు, ఆదివారం పరీక్షలు ఆ తీరికను మింగేస్తాయి. ఆ వెంటనే ఎప్‌సెట్, జేఈఈ, నీట్.

ఈ వ్యవస్థను తిట్టడం తేలిక, దాని లెక్క అర్థం చేసుకోవడం అవసరం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఒక తరం తల్లిదండ్రులు కళ్లారా చూసింది ఒకటే: ఫలానా కోర్సు చేసినవాడికి ఫలానా కొలువు వచ్చింది. పొలం, చిరుద్యోగం, చిన్న దుకాణం తప్ప వేరే ఆధారం లేని కుటుంబానికి అది ఒక బీమా. బీమా కట్టేవాడు ప్రయోగాలు చేయడు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ మేడల మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కిన కోచింగ్ బోర్డులు ఆ బీమా ప్రకటనలే. విచిత్రమేమిటంటే, నిలకడకు మారుపేరుగా చెప్పుకునే ఆ కొలువులోనే మనిషి నాలుగైదేళ్లకోసారి కొత్త విద్య నేర్వాల్సి వచ్చింది. మెయిన్‌ఫ్రేమ్ పోయి జావా వచ్చింది, టెస్టింగ్ కోర్సులు నిండాయి, ఇప్పుడు డేటా సైన్స్, కృత్రిమ మేధ. పేరు ఒకే వృత్తి, లోపల పనులు మాత్రం మారుతూనే ఉన్నాయి.

అంతకు ముందు కాలంలో ప్రావీణ్యం కులవృత్తిగా వారసత్వంలో వచ్చేది. నిజాం రాజ్యంలో భాగమైన బీదర్‌లో బిద్రీ పాత్ర తయారుకావాలంటే పోత పోయడం, నగిషీ చెక్కడం, వెండి పొదగడం వేర్వేరు నేర్పులు. ఇలా పని విడగొడితే వేగం, నాణ్యత పెరుగుతాయని 1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల ఉదాహరణతో వివరించారు: పనిని సుమారు 18 దశలుగా విడదీసి పదిమంది పంచుకుంటే రోజుకు 48,000 సూదులు. తెలుగు సినిమా 24 క్రాఫ్ట్స్ అని చెప్పుకునేదీ ఈ విభజననే. కొనేవారి వైపు నుంచీ ఇదే ఒత్తిడి ఉంటుంది. హైదరాబాదీ కూడా బిర్యానీకి ఒక చోటు, హలీంకు మరో చోటు, ఇరానీ చాయ్‌కి ఇంకో చోటు ఎంచుకుంటాడు. అన్నీ దొరుకుతాయన్న బోర్డు చూస్తే కాస్త అనుమానిస్తాడు. ఉద్యోగ దరఖాస్తులు వడపోసే అధికారి బుర్ర కూడా అలాగే పనిచేస్తుంది.

పేరున్నవారి వెనుక ఉన్నది

బహుముఖ జీవితాన్ని సమర్థించేవారు చెప్పే పేర్లు గొప్పవే. కాని వారి కథను సాధారణంగా సగమే చెబుతారు.

సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) న్యాయవాది, సంపాదకుడు, చరిత్రకారుడు, కవి, చివరి దశలో శాసనసభ్యుడు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ఒక సంచిక వెలువరించారు. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో, ఆయన కన్నుమూశాక, ఆయన రాసిన సాంఘిక చరిత్రకే దక్కింది. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. పైకి చూస్తే అయిదు వృత్తులు. దగ్గరికి వెళితే అన్నిటికీ ముడిసరుకు ఒకటే: తెలుగు అక్షరం, తెలంగాణ గతం. పత్రిక వల్ల ఏర్పడిన పరిచయాలు కవుల సంచికకు పనికివచ్చాయి. ఒక పని రెండో పనికి మేత వేసింది.

అడివి బాపిరాజు (1895–1952) బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. న్యాయశాస్త్రం చదివారు, నవలలు రాశారు, పాటలు కట్టారు, సినిమాలకు కళాదర్శకత్వం వహించారు, 1944 నుంచి 1947 దాకా హైదరాబాద్‌లో మీజాన్ పత్రికకు సంపాదకత్వం చేశారు. బాపు 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని, అదే ఏడాది ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. 1967లో సినిమా దర్శకుడయ్యారు. కార్టూను, కథకు బొమ్మ, సినిమా షాటు, చివరికి కంప్యూటర్ ఫాంటుగా మారిన దస్తూరీ, అన్నిటికీ తల్లివేరు గీతే. భానుమతి నటి, గాయని, కథకురాలు, దర్శకురాలు; 1953లో ఒకే చిత్రాన్ని మూడు భాషల్లో తీశారు. ఆమె విషయంలో మరిచిపోయే సంగతి ఒకటుంది. భర్తతో కలిసి ఆమెకు సొంతంగా భరణి స్టూడియో ఉండేది. రోజుకు మూడు రకాల పనులు చేయాలనుకునే మనిషికి కాల్షీటు వేరొకరి చేతిలో ఉండటానికీ, తన చేతిలో ఉండటానికీ చాలా తేడా ఉంది.

ఈ నలుగురిలో ముగ్గురు న్యాయశాస్త్ర పట్టభద్రులు కావడం యాదృచ్ఛికం అనిపించదు. ఆ తరానికి లా పట్టా ఇప్పటి బీటెక్ లాంటిది: ఇంట్లో వారికి ధైర్యం, అవసరమైతే ఆసరా. రెండో సంగతి పత్రిక. వారం వారం పేజీ నింపి తీరాలన్న గడువు బద్ధకాన్ని మాత్రమే కాదు, అతి శ్రద్ధను కూడా వదిలిస్తుంది. సరిగా రాలేదని బొమ్మను ఆరు నెలలు బల్ల కింద దాచుకునే వీలు పత్రికలో ఉండదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఈ జాబితాలో ఉన్నవాళ్లు గెలిచినవాళ్లు. నాలుగు కళలు పట్టుకుని ఏదీ ఒడ్డుకు చేర్చలేనివారి పేర్లు ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ ఉండవు గనుక, వారితో పోల్చి చూసే అవకాశం లేదు. ఒకే దాన్ని పట్టుకుని ఏమీ సాధించనివారి సంగతీ అంతే.

ఒకే దారి పట్టినవారి ఘనతకూ ఈ నేలమీదే ఉదాహరణలున్నాయి. కాకతీయుల కాలపు నృత్యమైన పేరిణి శివతాండవాన్ని మళ్లీ లేపి నిలబెట్టిన నటరాజ రామకృష్ణ (1923–2011) జీవితమంతా నృత్యమే. చిత్రకారుల్లో తోట వైకుంఠం బొట్టు, చీర, పసుపు రంగుల తెలంగాణ స్త్రీ మూర్తిని దశాబ్దాలుగా గీస్తూ వచ్చారు. లక్ష్మాగౌడ్ ఎచింగ్ (లోహపు పలక నుంచి తీసే అచ్చుబొమ్మ), డ్రాయింగ్, శిల్పం, టెర్రకోట మీదుగా తిరిగారు. ఇద్దరికీ దేశమంతటా పేరుంది. ఒకరు ఇతివృత్తాన్ని పట్టుకున్నారు, ఒకరు మాధ్యమాలు మార్చారు. అయితే లక్ష్మాగౌడ్ మార్పులన్నీ దృశ్యకళ ప్రహరీ లోపలే జరిగాయన్నది గమనించాలి.

నేర్పు ఎంత దూరం పాకుతుంది

పది వేల గంటల సాధన చేస్తే నిష్ణాతులవుతారన్న మాట బాగా ప్రచారంలో ఉంది. దాని మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థులపై చేసిన అధ్యయనం. ఇరవై ఏళ్లు వచ్చేసరికి అత్యుత్తమ విద్యార్థుల సాధన సగటున ఆ దరిదాపుల్లో ఉందన్నది అందులోని విషయం. అదొక నియమమని ఎరిక్సన్ చెప్పలేదు. 2014లో పలు అధ్యయనాలను కలిపి చూసిన మరో పరిశోధన ప్రకారం, మనుషుల ప్రతిభలో కనిపించే తేడాలో సాధన వివరించగలిగింది చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21 శాతం, క్రీడల్లో 18 శాతం. వృత్తుల్లో ఒక శాతం లోపే.

వృత్తుల దగ్గరికి వచ్చేసరికి అంకె ఎందుకంత పడిపోయింది? వృత్తి నైపుణ్యాన్ని కొలవడమే కష్టమన్నది ఒక కారణం. నేర్చుకునే వాతావరణంలోని తేడా మరొకటి. చదరంగంలో నియమాలు మారవు, తప్పు ఎత్తు వేస్తే కాసేపట్లో తెలిసిపోతుంది. శ్రుతి తప్పితే గురువు ముఖం చూస్తే చాలు. ఇలాంటి చోట ఎన్నిసార్లు చేస్తే అంత పదును. అనగా అనగా రాగం అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. కొత్త యాప్ జనానికి నచ్చుతుందా, ఈ కథ నాటకంగా నిలబడుతుందా అన్న ప్రశ్నలకు అలాంటి తక్షణ జవాబు లేదు. నియమాలు మారే రంగంలో పది రకాల అనుభవం ఉన్నవారికి పోలికలు దొరుకుతాయి, కొత్త దారులు తోస్తాయి. కాబట్టి ఏ కళ ఏ కోవకు చెందుతుందో చూడకుండా అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు. కర్ణాటక సంగీతంలో కచేరీ స్థాయి లక్ష్యమైతే చిన్నప్పటి నుంచి ఒకే దీక్ష తప్పదు. కథారచనకూ, డాక్యుమెంటరీకీ, డిజైన్‌కూ ఆ గిరిగీత లేదు.

ఒక కళలోని నేర్పు ఇంకో కళకు పాకుతుందన్న మాటకూ హద్దులున్నాయి. మృదంగం తెలిసినవారికి తబలా ముందు కూర్చుంటే లయ లెక్క సగం తెలిసినట్టే, వేళ్లు మాత్రం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. బొమ్మలు గీసే చేతికి కెమెరా ఇస్తే ఫ్రేము బాగా కుదురుతుంది. చదరంగం నేర్పితే పిల్లలకు లెక్కలు వస్తాయన్న ఆశకు మాత్రం ఆధారాలు బలహీనం. పొరుగింటికి పాకిన తీగ పక్క ఊరికి పాకదు.

అభిరుచి వృత్తికి అడ్డం వస్తుందన్న భయానికి జవాబుగా సికింద్రాబాద్ చరిత్రలోనే ఒక ఘట్టం ఉంది. మలేరియాను దోమలు మోసుకొస్తాయని నిరూపించే ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇక్కడే, దోమ పొట్టను సూక్ష్మదర్శిని కింద పెట్టి కనుగొన్నారు. బేగంపేటలోని ఆ భవనం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. యవ్వనంలో ఆయన కోరిక రచయిత కావాలని. తండ్రి పట్టుదల మీద వైద్యం చదివారు. కవిత్వం, నవలలు, గణితం, సంగీతం ఏదీ వదల్లేదు. దోమలో పరాన్నజీవిని చూసిన మర్నాడే దాని మీద పద్యం రాశారు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన ఒక్కరే కాదు, విజ్ఞానశాస్త్ర నోబెల్ విజేతల్లో కళలు, చేతిపనుల అభిరుచి సాధారణ శాస్త్రవేత్తల కంటే ఎక్కువగా కనిపించిందని 2008లో వచ్చిన రూట్-బెర్న్‌స్టీన్ బృందం అధ్యయనం చెప్పింది. అభిరుచి వల్ల నోబెల్ వచ్చిందా, అంత శక్తి ఉన్నవారికే అభిరుచులకు ఓపిక మిగిలిందా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. అభిరుచి అడ్డం కాలేదన్నంత వరకు మాత్రం నమ్మవచ్చు.

అవధాని ఏం చేస్తాడు

అనేక పనుల మధ్య మనసు నిలపడం మీద తెలుగువారికి ఒక ప్రత్యేక ప్రక్రియే ఉంది. దాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శనగా చూసి చప్పట్లు కొడతారు గాని, పని నిర్వహణ పద్ధతిగా చూడటం తక్కువ.

అష్టావధానంలో అవధానికి ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు. ఒకరు సమస్య (పూరించాల్సిన చిక్కు పాదం) ఇస్తారు, ఒకరు దత్తపది (పద్యంలో ఇమడ్చాల్సిన పదాలు), ఒకరు వర్ణన అడుగుతారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ప్రతి అక్షరం దగ్గర కాపు కాసి తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. వెనుక ఎక్కడో గంట మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో చివర చెప్పాలి. వీటన్నిటి మధ్య అప్రస్తుత ప్రసంగం చేసేవారు, భోజనంలో కూరేమిటి అన్న ధోరణిలో, సభను నవ్విస్తూ అవధాని ధ్యాస చెడగొట్టడమే పనిగా పెట్టుకుంటారు. ఇప్పటి జేబులోని ఫోను చేసే పని అప్పట్లో ఆ పెద్దమనిషి చేసేవాడు.

అవధాని ఎనిమిదింటినీ ఒకేసారి చేయడు. చేయలేడు కూడా. సమస్యకు ఒక పాదం చెప్పి దాన్ని అక్కడ వదిలి, దత్తపదికి ఒక పాదం, వర్ణనకు ఒక పాదం. ఇలా నాలుగు ఆవృత్తాలు, అంటే నాలుగు చుట్లు. వదిలిన చోటు ముఖ్యం: గణాలు కుదిరి, యతిప్రాసలు సరిపోయి, పాదం నిండాక వదులుతాడు. సగం పాదం దగ్గర ఆపి వెళ్లిపోడు. ఆఖరున ధారణ. అన్ని పద్యాలనూ వరసగా అప్పజెబితేనే అవధానం అయినట్టు.

2009లో సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగాలు ఈ పద్ధతికి కారణం చెబుతున్నట్టే ఉంటాయి. ఒక పని నుంచి మరో పనికి మారినప్పుడు మొదటి పని తాలూకు ధ్యాస కొంత వెనుకే అంటిపెట్టుకుని ఉండిపోతుంది, రెండో పనిలో పట్టు తగ్గుతుంది. మొదటి పని ముగిసిపోయిందన్న భావన మనసుకు కలిగినప్పుడు ఆ మడ్డి తగ్గుతుంది. పాదం నిండాక వదలడం అంటే అదే. అటక మీది గిటారు కథలో లోపించింది కూడా ఆసక్తి కాదు, పాదం. ఒక పాట పూర్తిగా వాయించడం వచ్చాక మూడు నెలలు ఆపితే మళ్లీ అందుకోవడం సులువు. మూడు గిటారు కార్డ్‌లు (కలిపి మీటే స్వరాలు) సగం సగం నేర్చుకుని ఆపితే మళ్లీ మొదటికే. నాలుగు కళలు వద్దనుకునేవారి అభ్యంతరాల్లో బలమైనది ఇదొక్కటే అనిపిస్తుంది, దానికి విరుగుడు కూడా ఈ ప్రక్రియలోనే ఉంది.

ఒక తేడా మరిచిపోకూడదు. అవధాని చేతిలోని అంశాల్లో చాలావరకు పద్యాలే. ఛందస్సు అనే ఒకే పనిముట్టు మీద దశాబ్దాల అధికారం సంపాదించాకే ఎనిమిది వైపులా తిరగగలుగుతున్నాడు.

వారానికి ఎనిమిది గంటలు

కొలువు, ప్రయాణం, ఇల్లు పోగా వారానికి ఎనిమిది గంటలు మిగిలాయనుకుంటే ఏడాదికి సుమారు 400 గంటలు. ఒకే కళకు ఇస్తే అది గణనీయమైన సాధన. నాలుగింటికి పంచితే ఒక్కోదానికి వంద. రాంకోఠిలోని ప్రభుత్వ సంగీత కళాశాలలో సర్టిఫికెట్ కోర్సే నాలుగేళ్లు. ఏటా వంద గంటలతో సరళీ స్వరాలు, జంట వరసలు, అలంకారాలు దాటి గీతాల దగ్గర తచ్చాడుతుంటారు, తర్వాతి మెట్టయిన వర్ణం ఊరిస్తూ ఉంటుంది. చాలామంది మానేసేదీ అక్కడే. పని ఇంకా ఆనందం ఇవ్వదు, మొదటి మోజు తీరిపోయి ఉంటుంది.

దూరం మరో ఖర్చు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో ఎరుపు మార్గం 29 కిలోమీటర్లు. రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారు నగరం నడిబొడ్డున; ఉద్యోగాలూ, ఆ ఉద్యోగుల ఇళ్లూ పడమటి అంచున. 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ వంటి వేదిక మొదలై నాటకం, కవిత్వం, సంగీతం ఒకే పెరట్లో దొరికేలా చేసింది గనుక దాని విలువ కార్యక్రమాల లెక్కతో తేలదు. నాలుగు కళలకు నాలుగు చోట్లకు తిరగనక్కర్లేదన్నదే దాని సౌకర్యం.

ఆ ఎనిమిది గంటలు ఎవరికి మిగులుతాయన్నది ఇంకా ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ 2019 కాలవినియోగ సర్వే ప్రకారం వేతనం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించారు, పురుషులు 97. ఒకే ఫ్లాటులో ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే అయినా, ఇద్దరికీ బొమ్మలంటే ఇష్టమే అయినా, కుంచె ముందుగా ఎవరి చేతిలోంచి జారుతుందో ఈ అంకె చెబుతుంది.

ఆఫర్ లెటర్‌లోని షరతులు

బహుముఖ జీవితంపై వచ్చే సలహాల్లో చట్టం ఊసు సాధారణంగా ఉండదు. హైదరాబాద్ ఉద్యోగికి అది తొలి ప్రశ్న కావాలి. 2022 సెప్టెంబరులో విప్రో పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని 300 మందిని తొలగించినట్టు ప్రకటించింది. మరుసటి నెలలో ఇన్ఫోసిస్ ముందస్తు అనుమతితో బయటి చిన్న పనులు చేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. రెండూ సాఫ్ట్‌వేర్ సంస్థలే, ధోరణులు వేరు. కథ రాయడం, కచేరీ చేయడం పోటీ సంస్థకు పనిచేయడం కిందికి రావు గాని, బయటి ఆదాయం ఏదైనా ముందుగా చెప్పాలన్న నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

రెండోది హక్కులు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా సృష్టించిన రచనకు తొలి హక్కుదారు యజమానే. విధులకు సంబంధం లేకుండా సొంత వేళల్లో చేసినది ఉద్యోగిది. అయితే ఆఫీసు ల్యాప్‌టాప్ మీద గీసిన బొమ్మ, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో చేసిన యానిమేషన్ విషయంలో ఒప్పందంలోని మాటలు ఇబ్బంది పెట్టవచ్చు. సంతకం పెట్టే రోజున ఆ పేరా చదివేవారు తక్కువ. ఈ విషయంలో ప్రభుత్వ కొలువు మెరుగు: 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి విధులకు భంగం రానంత వరకు, అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళాత్మక కార్యకలాపాలకు ముందస్తు అనుమతి అడగదు. తెలుగు రచయితల్లో ఉపాధ్యాయులు, ప్రభుత్వోద్యోగులు ఇంతమంది ఉండటానికి నెల జీతంతో పాటు ఈ వెసులుబాటూ ఒక కారణం కావచ్చు.

కొలువు మానేసి కళలోకి దూకాలా, రెండూ నడపాలా అన్న దానికి దగ్గరి పోలిక వ్యాపారరంగంలో దొరుకుతుంది. ఉద్యోగం చేస్తూనే సొంత వ్యాపారం మొదలుపెట్టి, ఆ తర్వాత పూర్తిగా మారినవారి వ్యాపారాలు మూతపడే ముప్పు, ముందే ఉద్యోగం వదిలేసినవారితో పోలిస్తే 33 శాతం తక్కువని 2014లో అమెరికా సమాచారంతో చేసిన అధ్యయనం తేల్చింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదన్న సామెత ఇక్కడ పనిచేయలేదు. మొదటి పడవ కదులుతున్నంత సేపు రెండోదానికి చిల్లులు ఎక్కడున్నాయో చూసుకునే సమయం దొరికింది.

ఇకముందు

జాతీయ విద్యావిధానం 2020 శాస్త్రాలకూ కళలకూ మధ్య గోడలు తగ్గించాలని చెప్పింది. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ శాఖల పక్కనే డిజైన్, లిబరల్ ఆర్ట్స్ శాఖలున్నాయి. కాగితం మీద తలుపులు తెరుచుకుంటున్నాయి.

మార్కెట్ మాత్రం రెండు వైపులా లాగుతోంది. పెళ్లి పత్రిక మీది బొమ్మ, యూట్యూబ్ వీడియోకు పైబొమ్మ, దుకాణం ప్రకటనకు చిన్న పాట, ఇలాంటి చిల్లర పనులతోనే పక్కదారి కళాకారులు డబ్బుకు, జనానికి అలవాటుపడేవారు. కృత్రిమ మేధ సాధనాలు మొదట కోసేది ఆ కింది మెట్టునే. మరోవైపు, రాయడం, చిత్రీకరించడం, ఎడిటింగ్ మూడూ కొంత కొంత తెలిసిన మనిషి ఆ సాధనాలతో ఒంటరిగా ఒక డాక్యుమెంటరీ పూర్తిచేసే వీలు పెరిగింది. అయితే యంత్రం ఇచ్చిన పది నమూనాల్లో ఏది బాగుందో చెప్పాలంటే కనీసం ఒక్క కళలోనైనా లోతు ఉండాలి. అంచనాగా చెప్పాలంటే, ఒకటి లోతుగా తెలిసి రెండు మూడు పైపైన వచ్చినవారికి పని పెరుగుతుంది. నాలుగూ పైపైనే ఉన్నవారికి కష్టకాలం.

చదువులో వచ్చిన వెసులుబాటు ఎంతమందికి అందుతుందన్నది ఇంటర్ మీద ఆధారపడి ఉంది. డిగ్రీలో రెండో కళ తీసుకోవచ్చు గాని, ఆ రెండేళ్లలో పెన్సిలూ వీణా పక్కన పెట్టేసినవారికి తీసుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు. అలాంటివారిలో కొందరు ముప్పై అయిదు దాటాక, ఇంటి అప్పు వాయిదాలు ఒక దారికి వచ్చాక, శనివారం ఉదయం సంగీతం తరగతిలో పదేళ్ల పిల్లల పక్కన చాప మీద కూర్చుని సరళీ స్వరాల దగ్గర మొదలుపెడుతున్నారు.